మార్కులు తక్కువైతే నర్సింగ్ తలుపు మూసుకున్నట్టేనా?

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలోనే, పాతబస్తీ మొదలు నిజామాబాద్ దాకా, బైపీసీ పిల్లలున్న ఇళ్లలో ఒకటే మాట. "ఈ మార్కులకు నర్సింగ్ సీటు ఎవరిస్తారు బేటీ?" ఆ తర్వాత రెండే దారులు కనపడతాయి. చదువు ఆపేసి సంబంధాలు చూడటం ఒకటి, బెంగళూరులో సీటిప్పిస్తానన్న ఏజెంటు చేతిలో డబ్బు పెట్టడం ఇంకొకటి. ఈ రెండిటికీ ముందు మెమో తీసి లెక్క చూడటం మాత్రం జరగదు.

బీఎస్సీ నర్సింగ్‌కు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ అడిగేది ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 45 శాతం. ఎస్సీ, ఎస్టీలకు 40. ఇంగ్లిష్ పాసై ఉండాలి. మొత్తం మార్కుల్లో 45 శాతం అని ఎక్కడా లేదు, చాలామంది పొరపడేది ఇక్కడే. తెలంగాణ బైపీసీలో ఇప్పటిదాకా నడిచిన లెక్కలో రెండేళ్లకు 1000 మార్కులు. అందులో 400 భాషలవి. మిగతా 600 సైన్సు థియరీ, ప్రాక్టికల్స్‌వి. కావాల్సింది ఆ 600లో 270. మొత్తం 430తో గట్టెక్కిన అమ్మాయికి సైన్సులో 280 ఉంటే ఆమె అర్హురాలే. 560 తెచ్చుకున్నా, అందులో 300 ఉర్దూ, ఇంగ్లిష్‌లవే అయితే, సైన్సులో మిగిలేది 260. అప్పుడు అర్హత లేదు.

అర్హత వేరు, సీటు వేరు. తెలంగాణలో కన్వీనర్ కోటా సీట్లు కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లో ఎప్‌సెట్ ర్యాంకు మీద ఇస్తారు. ఎప్‌సెట్‌లో ఇంటర్ వెయిటేజీని ఎత్తేశారు కూడా. అంటే ఇంటర్‌లో వెనకబడ్డ పిల్లకు ర్యాంకు దగ్గర మళ్లీ ఒక అవకాశం ఉంది. దానికి తోడు షేక్ తదితర వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్. సయ్యద్, పఠాన్, మొగల్ కుటుంబాలు ఇందులోకి రావు. ఆదాయ పరిమితిలో ఉంటే ఈడబ్ల్యూఎస్ చూసుకోవాలి. సర్టిఫికెట్ కోసం నోటిఫికేషన్ వచ్చాక మీసేవకు పరుగెత్తితే ఆలస్యమే.

270 కూడా రాలేదంటే జీఎన్ఎం ఉంది. మూడేళ్ల డిప్లొమా. 40 శాతం చాలు, ఆర్ట్స్ గ్రూపు వాళ్లూ చేరవచ్చు, కాకపోతే ఇంగ్లిష్ మార్కులు విడిగా చూస్తారు. ఉర్దూ మీడియం పిల్లలు తేలిగ్గా తీసుకోకూడనిది ఇదే. జీఎన్ఎం చేసి రిజిస్టరయ్యాక రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేయొచ్చు. నాలుగేళ్ల డిగ్రీకి ఐదేళ్లు పడుతుంది, అంతే తేడా.

అసలు నష్టం జరిగేది ఏజెంట్ల దగ్గర. "నర్సింగ్ కోర్సు" అని చెప్పి ఆరు నెలల హోమ్ నర్సింగ్ సర్టిఫికెట్ చేతిలో పెట్టేవాళ్లున్నారు. దాంతో నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ రాదు. రిజిస్ట్రేషన్ లేనిదే ప్రభుత్వ స్టాఫ్ నర్సు పోస్టూ లేదు, గల్ఫ్‌లో నర్సు లైసెన్సూ లేదు. కాలేజీకి కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూడకముందే ఒరిజినల్ మెమోలు ఇచ్చేస్తే, తర్వాత అవి వెనక్కి తీసుకోవడమే ఒక యుద్ధం.

నైట్ డ్యూటీలు, మగ పేషెంట్లు అంటూ వెనకాడే పెద్దలూ ఉన్నారు. హాస్టల్, రాకపోకల భద్రత గురించి కాలేజీని గట్టిగా అడగాల్సిందే, అది తప్పు కాదు. కానీ పనే తగదనడానికి ఆధారం తక్కువ. మదీనాలో మస్జిదె నబవీ దగ్గర గుడారం వేసి గాయపడ్డవాళ్లకు సేవ చేసిన హజ్రత్ రుఫైదా (రజి)ను మన చరిత్ర గౌరవంగానే చెప్పుకుంటుంది. ఆడ పేషెంటుకు ఆడ నర్సే కావాలని ఆసుపత్రిలో పట్టుబట్టేదీ మన ఇళ్లవాళ్లే.

ఇప్పుడు ఫస్టియర్ రాసిన పిల్లలకు ఇంకో వెసులుబాటు ఉంది. పాసైన సబ్జెక్టులోనూ మార్కులు తగ్గితే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలో ఇంప్రూవ్‌మెంట్ రాసుకోవచ్చు. సైన్సులో ఏ పేపర్లో ఎన్ని తగ్గాయో చూసి దానికే కట్టొచ్చు. ఫలితాలొచ్చిన కొద్ది రోజులకే ఆ ఫీజు గడువు అయిపోతుంది.