కాంప్లెక్సులో దిగిన పాట

పార్వతీపురం బస్సు, పాలకొండ బస్సు, సాలూరు బస్సు... విశాఖ ద్వారకా నగర్‌లోని ఆర్టీసీ కాంప్లెక్సుకి తెల్లారకముందు నుంచే ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. దిగే జనంలో పెళ్ళికొచ్చినవాళ్ళుంటారు, కేజీహెచ్‌లో చూపించుకోడానికి వచ్చినవాళ్ళుంటారు. చేతిలో ఓ సంచీ, సంచీలో రెండు జతల బట్టలు, జేబులో ఊరివాడెవరిదో చిరునామా పెట్టుకుని పని కోసం వచ్చినవాళ్ళూ ఉంటారు. పోర్టు, షిప్‌యార్డు, స్టీలు ప్లాంటు, గాజువాక వర్క్‌షాపులు... ఎటు పిలుపొస్తే అటు. ఈ రాక కాంప్లెక్సుతో మొదలైందేమీ కాదు. బస్సులు లేని రోజుల్లో కాలినడకన, బళ్ళ మీద, రైళ్ళలో వచ్చారు. వాళ్ళ తాతలైతే ఇక్కడితో ఆగకుండా ఓడెక్కి రంగం పోయారు. రంగమంటే రంగూన్. అక్కడి రేవుల్లోనూ బియ్యం మిల్లుల్లోనూ మోసిన భుజాల్లో ఉత్తరాంధ్రవే ఎక్కువ.

మనిషితో పాటు పాటా వస్తుంది. సంచీలో చోటడగదు, టిక్కెట్టు అడగదు. పొలం గట్టు మీద పుట్టిన పాట ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చాక ఏమవుతుంది? దీనికి లోకంలో అందరికీ తెలిసిన జవాబు ఒకటుంది. దాని పేరు బ్లూస్. మనవాళ్ళ జవాబు కూడా ఒకటుంది గానీ, అది తర్వాత.

బ్లూస్ అంటే నీలం అని కాదు, దిగులు అని. అమెరికా దక్షిణ రాష్ట్రాల పత్తి చేలల్లో, బానిసత్వం చట్టంలో పోయినా బతుకులో పోని నల్లవాళ్ళ గొంతుల్లో పుట్టింది. కట్టుబాటు చూస్తే చాలా చిన్నది. ఒక మాట పాడతారు. అదే మాట మళ్ళీ పాడతారు. మూడోసారి దానికో జవాబు చెబుతారు. అంతే! నాట్లు వేసేచోట ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకునే పాట విన్నవాళ్ళకి ఇదేమీ కొత్తగా ఉండదు. స్వరం సంగతికొస్తే, వాళ్ళ గాంధారం మన సాధారణ గాంధారం కాదు, అంతర గాంధారమూ కాదు. రెంటికీ మధ్య ఎక్కడో నలుగుతూ ఉంటుంది. పియానో మీద ఆ మెట్టు లేదు. అందుకే గిటారు తీగను వేలితో పక్కకి లాగుతారు, లేదా సీసా మెడను తీగ మీద జార్చుతారు. ఆ జారుడులోనే ఏడుపంతా ఉంది.

మిసిసిపీ పల్లెల్లో గిటారు కొనలేని పిల్లలు ఒక ఉపాయం చేసేవారు. గుడిసె గోడకి రెండు మేకులు కొట్టి, మధ్య ఒక తీగ బిగించి, పుల్లతోనో వేలితోనో మీటుతూ రెండో చేత్తో సీసా జార్చేవారు. దాన్ని డిడ్లీ బో అంటారు. పెద్దపెద్ద బ్లూస్ వాద్యగాళ్ళు చాలామంది ఓనమాలు దిద్దుకున్నది దాని మీదే.

ఒంటి తీగ అనగానే శ్రీకాకుళం, విజయనగరం వైపువాళ్ళకి జముకు గుర్తుకు రావాలి. కుంచంలాంటి గుండ్రటి డొల్ల. ఒక పక్క తోలు మూత. ఆ తోలు నడిమి నుంచి ఒక తీగ. డొల్లను చంకలో ఇరికించి, తీగను ఒక చేత్తో బిగలాగి రెండో చేత్తో మీటుతారు. లాగుడు పెరిగితే స్వరం లేస్తుంది, సడలితే కూలబడుతుంది. నవ్వినట్టూ ఉంటుంది, మూలిగినట్టూ ఉంటుంది. తెలంగాణలో దీని చుట్టం జమిడిక ఎల్లమ్మ కథ చెబుతుంది. అమెరికా డెల్టాకీ మన నాగావళికీ ఏ సంబంధమూ లేదు. కానీ ఒకే తీగ ఉన్నవాడు ఆ తీగతో ఏం చేయగలడన్నది మాత్రం రెండుచోట్లా ఒకలాగే తేలింది. తీగను వంచాడు.

ఇక ఆ పత్తి చేల పాట పట్నం చేరిన కథ. మడ్డీ వాటర్స్ మిసిసిపీలో స్టోవాల్ అనే భూస్వామి చేలల్లో ట్రాక్టరు తోలేవాడు. 1941 ఆగస్టులో అలన్ లోమాక్స్, జాన్ వర్క్ అనే ఇద్దరు పరిశోధకులు రికార్డింగు యంత్రంతో అతని గుడిసెకి వచ్చారు. పాడించుకుని పోయారు. తర్వాత లోమాక్స్ నుంచి రెండు రికార్డులూ, ఇరవై డాలర్ల చెక్కూ వచ్చాయి. మడ్డీ ఆ రికార్డును ఊళ్ళో డబ్బులేసి పాటలు వినే పెట్టెలో పెట్టించి, తన గొంతు తానే మళ్ళీమళ్ళీ విన్నాడట. 1943లో రైలెక్కి షికాగో చేరాడు. 1910ల నుంచి 1970 దాకా అలా దక్షిణాది వదిలి ఉత్తరాదికీ పడమటికీ వెళ్ళిన నల్లవాళ్ళు దాదాపు 60 లక్షల మంది. మడ్డీ వాళ్ళలో ఒకడు. పగలు కాగితం ఫ్యాక్టరీలో పని, లారీ నడపడం. రాత్రి సారాకొట్లలో పాట. అక్కడి రొదలో పల్లెటూరి గిటారు ఎవరికి వినపడుతుంది? కరెంటు గిటారు పట్టాడు. బ్లూస్ అరవడం నేర్చింది అక్కడే. 1950లో అతను పాడిన ఒక పాట పేరునే ఇంగ్లండు కుర్రాళ్ళు పన్నెండేళ్ళ తర్వాత తమ బృందానికి పెట్టుకున్నారు. వాళ్ళే రోలింగ్ స్టోన్స్.

ఆ బృందం పుట్టుకే ఒక అభిమాని కథ. 1961 అక్టోబరులో లండన్ దగ్గర డార్ట్‌ఫర్డ్ రైల్వే స్టేషన్లో మిక్ జాగర్ చంకలో రికార్డులు పెట్టుకుని నిలబడ్డాడు. ఒకటి మడ్డీ వాటర్స్‌ది. చిన్నప్పుడు ఒకే బళ్ళో చదివిన కీత్ రిచర్డ్స్ వాటిని చూసి ఆగిపోయాడు. ఇద్దరూ ఎనభై దాటినా ఆ పిచ్చి దిగలేదు. బ్లూస్ పట్టుకున్నవాళ్ళని అంత తొందరగా వదలదు. పాడేవాళ్ళని అసలే వదలదు. బి.బి.కింగ్ 2015లో 89 ఏళ్ళకి చనిపోయే ముందు ఏడాది దాకా ఊళ్ళు తిరిగి కచేరీలు చేశాడు. ఆయన గిటారు పేరు లూసిల్. 1949లో ఆర్కాన్సాలో ఒక నాట్యశాలలో ఇద్దరు మగాళ్ళు కొట్టుకుని చలిమంట కుంపటి తన్నేశారు. మంటలు లేచాయి. బయటపడ్డ కింగ్ గిటారు కోసం మళ్ళీ లోపలికి పరిగెత్తాడు. ఆ కొట్లాట లూసిల్ అనే అమ్మాయి కోసమని తెలిశాక, ఇలాంటి తెలివితక్కువ పని ఇంకెప్పుడూ చేయకూడదని గుర్తుంచుకోడానికే గిటారుకి ఆ పేరు పెట్టానని చెప్పేవాడు.

మన దేశంలోనూ ఈ పిచ్చి ఉంది. షిల్లాంగ్‌లో ఇంటింటా గిటారే. అక్కడి సోల్‌మేట్ బృందం 2003 నుంచి బ్లూస్ పాడుతోంది. ముంబయిలో 2011లో మొదలైన బ్లూస్ ఉత్సవానికి బడ్డీ గై అంతటివాడు వచ్చాడు. రాబర్ట్ జాన్సన్ గురించి అడిగితే మాత్రం ప్రతివాడూ ఆ దెయ్యం కథే మొదలెడతాడు... నాలుగు దార్ల కూడలిలో అర్ధరాత్రి సైతానుకి ఆత్మనిచ్చి విద్య పుచ్చుకున్నాడని. నాలుగు దార్ల కూడలిలో దిష్టి తీసిన నిమ్మకాయలు దాటకుండా నడిచే మనకు ఆ కథ వింత కాదు. నిజానికి అతను 1936, 37 సంవత్సరాల్లో 29 పాటలు రికార్డు చేసి, 27 ఏళ్ళకే చనిపోయాడు. ఆ 29 పాటల సాధన ముందు దెయ్యం ఏపాటిది!

సరే, మనవాళ్ళ జవాబుకి వద్దాం. మడ్డీ వాటర్స్ గుడిసెకి రికార్డింగు యంత్రం వచ్చిన ఆ 1941లోనే, జూన్ 21న, విశాఖలో సింధియా కంపెనీ ఓడల కార్ఖానాకి బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. అదే తర్వాత హిందుస్థాన్ షిప్‌యార్డు. మడ్డీ షికాగో రైలెక్కిన 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో ఒక పిల్లాడు పుట్టాడు. పెద్దయ్యాక అతనూ పల్లె వదిలి, అదే షిప్‌యార్డులో ఫిట్టరుగా చేరాడు. వంగపండు ప్రసాదరావు.

వంగపండును చాలామంది ఉద్యమ గాయకుడిగానే చూస్తారు. అది అబద్ధమేం కాదు. 1972 నుంచి జన నాట్య మండలిలో గద్దర్‌తో పాటు నడిచిన మనిషి. అంతకుముందు శ్రీకాకుళంలో జముకుల కథను రాజకీయ ప్రచారానికి వాడి, 1969 డిసెంబరులో ప్రాణాలు కోల్పోయిన సుబ్బారావు పాణిగ్రాహి దారి ఆయన ముందుంది. కానీ రాజకీయాలతో ఏకీభవించనివాళ్ళు కూడా ఆ పాటల్ని ఎందుకు కూనిరాగం తీశారు? ఆ భాష వల్ల. 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' అన్నప్పుడు అందులో 'వెళ్దాం వస్తావా' లేదు, ఉండదు. పత్రికల్లో, రేడియోలో, పాఠాల్లో నామోషీగా దాచుకున్న యాస మైకులోంచి వినపడింది. మిసిసిపీ నల్లవాళ్ళ ఇంగ్లీషును కూడా మొదట తప్పుల తడక అన్నారు. ఆ తప్పులన్నీ దిద్దేస్తే బ్లూస్‌లో మిగిలేది ఏమీ లేదు.

రెండో సంగతి, ఆయన పాటలోకి యంత్రం వచ్చింది. యంత్రం ఎట్లా నడుస్తుందో, దాన్ని నడిపేదెవరో చెబుతూ కట్టిన పాట ఒకటుంది. దరువు నాగలి వెనకది, వస్తువు షిప్‌యార్డుది. ఇనుము కోసేవాడే, మర బిగించేవాడే రాయగల పాట అది. పల్లె నుంచి వచ్చినవాడు పల్లెను మర్చిపోలేదు, అలాగని పల్లె పాటనే పట్నంలో అప్పజెప్పి ఊరుకోలేదు. మడ్డీ వాటర్స్ షికాగోలో చేసిన పని, వాద్యం వేరు గానీ, ఇదే. 1986లో ఆర్.నారాయణమూర్తి 'అర్ధరాత్రి స్వతంత్రం' వంగపండును సినిమా జనానికీ పరిచయం చేసింది. 2020 ఆగస్టు 4న, కరోనా రోజుల్లో, పార్వతీపురంలో ఆయన కన్నుమూశారు. మూడేళ్ళకి, 2023 ఆగస్టు 6న, గద్దరూ వెళ్ళిపోయారు. వంగపండు కూతురు ఉష పాడుతున్నారు.

పేరున్నవాళ్ళ సంగతి ఇది. పేరు లేనివాళ్ళ మాటేమిటి? బ్లూస్‌లో ఇదొక పాత పుండు. ఎల్విస్ ప్రెస్లీ 1954లో తొలి రికార్డుగా పాడిన పాట ఆర్థర్ క్రుడప్ అనే నల్లవాడిది. పాట లోకమంతా తిరిగింది. క్రుడప్ పొలం కూలీగా బతికి, రావలసిన డబ్బు రాకుండానే 1974లో పోయాడు. విల్లీ డిక్సన్ కొంత నయం, లెడ్ జెప్లిన్ మీద కోర్టుకెక్కి 1987లో రాజీ సొమ్ము రాబట్టుకున్నాడు. మన ఉత్తరాంధ్ర దరువులు సినిమాల్లో మోగడం కొత్త కాదు. 2020లో 'పలాస 1978'లో 'నాదీ నక్కిలీసు గొలుసు' వచ్చి ఫోన్లన్నీ ఊగిపోయాయి. సంతోషమే. కానీ ఇలాంటి పాటలకి మొదట గొంతిచ్చినవాళ్ళ పేర్లు ఎన్ని తెరల మీద పడ్డాయి?

ద్వారకా నగర్ పౌర గ్రంథాలయంలాంటి చోటికి వెళ్తే గురజాడనో చాసోనో రావిశాస్త్రినో వెతుక్కోవచ్చు. పుస్తకమైతే బీరువాలో ఉంటుంది. జముకు మీటినవాడి గొంతును ఏ బీరువాలో వెతకాలి?

బ్లూస్ అభిమానుల్ని ఇక్కడ మెచ్చుకోవాలి. వాళ్ళు వెతికారు. మిసిసిపీ జాన్ హర్ట్ అనే పొలం కూలీ 1928లో కొన్ని పాటలు రికార్డు చేశాడు. తర్వాత మాంద్యం వచ్చింది, రికార్డుల వ్యాపారం పడిపోయింది, ఆయన మళ్ళీ చేలోకి వెళ్ళిపోయాడు. ముప్ఫై అయిదేళ్ళు. పాత రికార్డులు పోగేసే కుర్రాళ్ళు ఆయన చనిపోయి ఉంటాడనుకున్నారు. టామ్ హాస్కిన్స్ అనేవాడు మాత్రం ఒక పాటలో ఆయన తన సొంతూరు అవలాన్ అని చెప్పడం పట్టుకున్నాడు. కొత్త పటాల్లో ఆ ఊరు లేదు. ఎప్పటిదో పాత పటంలో దొరికింది. 1963లో కారేసుకుని వెళ్ళి ఆ ఊరి దుకాణం దగ్గర వాకబు చేస్తే, ఇల్లెక్కడో చెప్పారు. డెబ్బై ఏళ్ళ హర్ట్ ఈ తెల్ల కుర్రాణ్ణి చూసి ఎఫ్‌బీఐ వాడనుకుని హడలిపోయాడు. పాడటానికి ఇంట్లో గిటారు కూడా లేదు. ఆ జూలైలోనే న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో వేలమంది ముందు కూర్చుని, పొలంలో ఎలా పాడుకునేవాడో అంత మెల్లగా పాడాడు. ఇంకో మూడేళ్ళు బతికాడు, ఆ మూడేళ్ళూ పాడాడు. మరుసటేడు అలాగే సన్ హౌస్‌ను ఒక ఊళ్ళో, స్కిప్ జేమ్స్‌ను ఒక ఆసుపత్రిలో వెతికి పట్టుకున్నారు.

మన దగ్గర ఇప్పుడు రికార్డింగు యంత్రం ప్రతివాడి జేబులోనూ ఉంది. పైడితల్లి సిరిమానోత్సవంలో, ఊరి గ్రామదేవత పండగల్లో తప్పెటగుళ్ళవాళ్ళు ఎగిరితే, జముకు మోగితే, పది చేతులు ఫోన్లెత్తుతాయి. ఆ వీడియోలు రాత్రికల్లా లోకమంతా తిరుగుతాయి. చాలావాటి కింద 'ఉత్తరాంధ్ర జానపదం' అని ఉంటుంది. పాడిన మనిషి పేరుండదు, ఊరి పేరు అంతకన్నా ఉండదు. హాస్కిన్స్‌కి కనీసం అవలాన్ అన్న మాటయినా దొరికింది.