విద్యార్థుల మనోవ్యథయు శిక్షార్థుల సేవయు

మన కళాశాలలలో నిప్పుడొక క్రొత్త గది వెలయుచున్నది. వాకిట కౌన్సెలింగు అను బోర్డు. లోపల నొక బల్ల, రెండు కుర్చీలు. ఆ కుర్చీలో నెవరున్నారని విచారింతుము గదా, కొన్నిచోట్ల మనశ్శాస్త్రమున ఎం.ఏ. చదువుచు అభ్యాసమునకై వచ్చిన శిక్షార్థి యొక్కతెయే కానవచ్చును.

ఈ గది యేల అవసరమైనది? 2022వ సంవత్సరమున మన దేశమున 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్యకు పాల్పడిరని జాతీయ నేర గణాంక సంస్థ లెక్క చెప్పుచున్నది. 2019 ఏప్రిలులో తెలంగాణమున ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడిన పిమ్మట ఇరువదిమందికి పైగా పిల్లలు మనకు దక్కకపోయిరి. 2023లో విశాఖపట్టణమున నీట్ పరీక్షకు చదువుచుండిన పదునేడేండ్ల బాలిక మరణముపై నడచిన వ్యాజ్యమున, 2025 జూలై 25వ తేదిని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. నూరుగురు గాని అంతకెక్కువ గాని విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థయు అర్హతగల కౌన్సెలరునో, మనశ్శాస్త్రజ్ఞునో, సామాజిక కార్యకర్తనో ఒకరినైనను నియమింపవలెనని యాదేశించినది.

"మా కాలమున నివి యెక్కడివి? తల్లి బుజ్జగింపు, తండ్రి మందలింపు చాలవా?" అని పెద్దలు కొందరందురు. అయ్యా! బిడ్డ వ్యథకు తండ్రి యాశయే కారణమైనపుడు, ఆ బిడ్డ యెవరితో మొర పెట్టుకొనవలెను? ఒడలు కాలినచో వైద్యుని పిలుతుము. మనసు కాలినచో పిరికితనమని పేరు పెట్టుదుము. ఇది యేటి న్యాయము?

శిక్షార్థుల సేవను మేము తృణీకరించుట లేదు. ఈడు దగ్గరగా నున్నవారితో విద్యార్థి మనసు విప్పుట సులభము. తీర్పు చెప్పక వినుట, నిద్రాహారములను విచారించుట, బ్రతుకుపై విరక్తి పుట్టినదా యని సూటిగా నడుగుట, అపాయము తోచినచో బిడ్డను ఒంటరిగా విడువక అనుభవజ్ఞుల కప్పగించుట, ఇవి వారు నేర్చు విద్యలు. సూటిగా నడిగినంత మాత్రమున లేని తలంపు పుట్టునను భయము వట్టిది. అడిగినవారుండుటయే పలువురికి ఊరట.

అయితే నేర్చుకొనువారిని నేర్చినవారి స్థానమున నిలుపుట సేవ గాదు, వంచన. హౌస్ సర్జనును ఒంటరిగా శస్త్రచికిత్సకు పంపుదుమా? జీతమీయక, ప్రతివారము వారి పనిని పరిశీలించి దిద్దు గురువును చూపక, బోర్డు వ్రేలాడదీసి చట్టమును తృప్తిపరచితిమనుకొను యాజమాన్యములను ఏమనవలెను? అభ్యాసకాలము ముగియగనే ఆ శిక్షార్థి వెడలిపోవును. మనసు విప్పిన విద్యార్థి మరల క్రొత్త ముఖమును చూడవలెను. విన్న దుఃఖమంతయు మోసికొని రాత్రి హాస్టలుకు పోవు ఆ శిక్షార్థిని ఓదార్చువా రెవరు?

అంతకంటె ఘోరము మరియొకటి కలదు. ఎవరు వచ్చిరి, ఏమి చెప్పిరి అని ప్రిన్సిపాలు రిజిస్టరు తెప్పించి చూచినచో, ఆ గదిలో రెండవమారు ఎవరడుగిడుదురు? 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చికిత్స పొందువారి గోప్యతను హక్కుగా గుర్తించినది. గోప్యతలేని కౌన్సెలింగు గది వట్టి చావడియే.

ఇక మార్కులనుబట్టి సెక్షనులు విడదీయుట, తక్కువ వచ్చినవారిని పదుగురిలో అవమానించుట. వీనిని కూడదని అదే తీర్పు చెప్పినది. వీనిని మానక గది కట్టుట, కుండకు చిల్లి పొడిచి, నీరు పోయుటకు శిక్షార్థిని నిలుపుట వంటిది.

సోదరసోదరీమణులారా! బిడ్డను కళాశాలలో చేర్చునపుడు ర్యాంకులను, మెస్సును విచారింతురు. ఇకమీదట మరి మూడు ప్రశ్న లడుగుడు: కౌన్సెలరు అర్హత యేమి? శిక్షార్థులను దిద్దువా రెవరు? చెప్పినమాట ఆ గది దాటునా? ప్రభుత్వము నడుపు టెలిమానస్ 14416 సంఖ్య రేయింబవళ్లు పలుకును. దానిని ఇంటిల్లిపాదికి కానవచ్చుచోట వ్రాసియుంచుడు. సెలవులకు బిడ్డ యింటికి వచ్చినపుడు మార్కుల మాట పిమ్మట నడుగవచ్చును. నిద్ర పట్టుచున్నదా యని ముందుగా నడుగుడు.