సేవకుడు మళ్ళీ రావాలంటే

మేడారం జాతర రెండేళ్ళకోసారి వస్తుంది. హైదరాబాదు నుండి అక్కడికి వెళ్ళే జనమంతా దాదాపుగా జనగామ మీదుగానే సాగుతారు. శివరాత్రికి పాలకుర్తిలోను, మహబూబాబాద్ జిల్లా కురవిలోను భక్తులు కిక్కిరిసి ఉంటారు. భూపాలపల్లి జిల్లా కాళేశ్వరంలో 2025 మే 15 నుండి 26 వరకు, మండుటెండలలో, సరస్వతీ పుష్కరాలు జరిగాయి. ఇటువంటి ప్రతి సందర్భంలోను జీతం ఆశించక నీళ్ళందించేవారు, దారి చూపేవారు, తప్పిపోయిన పిల్లలను తల్లిదండ్రులకు అప్పగించేవారు కావాలి. మన ఇజ్తెమాలకైనా, పండుగనాటి ఈద్‌గాహ్‌కైనా అంతే.

అలా వెళ్ళే కుర్రవానికి ఇంట్లో ఎదురయ్యే ప్రశ్న మాత్రం ఒక్కటే: "దానివల్ల నీకేమొస్తుంది?"

ఈ ప్రశ్నను పరిశోధకులు నిజంగానే అడిగారు. 1996లో కెనడాలోని థండర్ బే నగరంలో మహిళల జాతీయ కర్లింగ్ పోటీలు జరిగాయి (మంచుపై రాళ్ళను జార్చి ఆడే ఆట అది). అక్కడి స్వచ్ఛంద సేవకులను విచారించి ఫారెల్, జాన్‌స్టన్, ట్వైనమ్ అనే ముగ్గురు 1998లో ఫలితాలు ప్రచురించారు. మంచి కార్యానికి తోడ్పడాలన్న ఉద్దేశం అన్నింటికంటే ముందున్నది. నలుగురితో కలసి ఉండాలన్న కోరిక దాని తరువాతిది. ఇంటి ఆనవాయితీ, ఇతరుల ప్రోద్బలం వెనుకబడ్డాయి. అయితే ఆశించినది దొరికినంత మాత్రాన సేవకుడు తృప్తి చెందడనీ, వసతులు, నిర్వహణ కూడా బాగుండాలనీ వారు గమనించారు.

మనం ఆగి ఆలోచించవలసింది ఇక్కడే. 'స్నేహితుల కోసం వచ్చాడు, ఫోటో కోసం వచ్చాడు' అని పెద్దలు ఈసడిస్తారు. ఇమామ్ బుఖారీ (రహ్మలై) తమ సంకలనాన్ని సంకల్పానికి సంబంధించిన హదీసుతోనే ప్రారంభించారు. ఆ విషయపు గాంభీర్యం కాదనలేనిది. కాని ఎవరి సంకల్పాన్ని వారే పరీక్షించుకోవాలి. ఎదుటివాని హృదయాన్ని తూచే పని మనకెవరూ అప్పగించలేదు. అప్పగించిన పనిని మాత్రం మనం చేయడం లేదు. మెడలో ఒక బ్యాడ్జీ వేసి "అక్కడ నిలబడు" అంటాం, ఇక అంతే. మధ్యాహ్నం రెండు దాటినా అతడు తిన్నాడో లేదో అడిగే దిక్కుండదు. వేదికపై దాతల పేర్లన్నీ చదువుతారు. నీళ్ళు మోసినవాని పేరు నిర్వాహకులకే తెలియదు. మరుసటి ఏడు అతడు రాకపోతే యువతలో సేవాభావం నశించిందని వాపోతాం!

మక్కాలో హజ్ యాత్రికులకు నీరందించే బాధ్యత ఇస్లాంకు పూర్వం నుండే హజ్రత్ అబ్బాస్ (రజి) కుటుంబానిది. హజ్‌లో యాత్రికులు మినాలో గడపవలసిన రాత్రులున్నాయి. నీటి సేవ నిమిత్తం ఆ రాత్రులు మక్కాలోనే ఉండేందుకు ఆయన అనుమతి కోరగా, దైవప్రవక్త (స) అనుమతించారు. అంత గొప్ప ఆరాధనలో సైతం నీళ్ళు పోసేవాని అవసరానికి చోటు దొరికింది.

కనుక రాబోయే కార్యక్రమానికి మస్జిద్ కమిటీలు ముందుగానే కూర్చుని, ఎవరెవరు ఏ గంట నుండి ఏ గంట వరకు ఎక్కడ ఉండాలో పేర్లతో వ్రాసిపెట్టుకోవాలి. మైకులో "సేవకులు కావలెను" అని ప్రకటించడం కన్నా, ఇంటికి వెళ్ళి పేరుపెట్టి పిలవడం మేలు. స్త్రీల విభాగంలో వృద్ధులను చేయిపట్టి నడిపించే ఆడపిల్లలను కూడా అలాగే, వారి తల్లుల ద్వారా పిలవాలి. సేవకుల భోజనం, నీడ, నమాజు వేళకు విడుదల చూసుకునేందుకు ఒక పెద్దమనిషిని ప్రత్యేకంగా నియమించాలి, ఆయనకు మరే పనీ చెప్పకూడదు.