ఏడున్నర గంటల వేళ



ఉద్దానము పల్లె నుండి ఒక సోదరి మాకు ఉత్తరము వ్రాశారు. "మా ఇంట కుటుంబ ప్రార్థన పెట్టుకొనే వేళకే సీరియల్ వస్తున్నది. ప్రార్థనను ముందుకు జరిపితే మామగారికి కోపము, వెనుకకు జరిపితే పిల్లలకు నిద్ర. అసలు విశ్వాసులు సీరియళ్ళు చూడవచ్చునా, చూడకూడదా? సూటిగా చెప్పండి" అని అడిగారు.

సూటిగానే చెబుదాము. అయితే ముందు మా సంగతి ఒప్పుకోవాలి. సుమ్మాదేవిలో మా ఇంట టీవీ ఉన్నది. స్టార్ మాలో వచ్చిన "కార్తీక దీపం" మేము చూశాము. అప్పుడప్పుడు కాదు. 2017 అక్టోబరు 16న మొదలైన నాటి నుండి 2023 జనవరి 23న ముగిసేవరకు, రాత్రి ఏడున్నర అయితే చాలు, చేతిలో పని చేతిలోనే ఆగిపోయేది. మొత్తము 1569 భాగములు. కరెంటు లేని రోజులు, పలాస వెళ్ళి ఇల్లు చేరని రోజులు తీసివేస్తే తక్కినవన్నీ చూసినట్లే. ఏడున్నరకు జరుగవలసిన ప్రార్థన ఎనిమిదికి జరిగిన రోజులు మా ఇంట చాలా ఉన్నవి. కనుక ఇవి గట్టు మీద నిలబడినవారు నీటిలోనివారికి చెప్పే మాటలు కావు.

టీవీ వేళతో తగువు మన సంఘములకు కొత్త కాదు. 1987 జనవరిలో దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ "రామాయణ్" మొదలైనప్పుడు అది ఆదివారము ఉదయము వచ్చేది. అది 1988 జూలైలో ముగిసింది. ఆ అక్టోబరు 2న బి.ఆర్. చోప్రా "మహాభారత్" మొదలై 1990 జూన్ వరకు సాగింది. హిందూ సోదరులు వాటిని భక్తితో చూసేవారు. మన పిల్లలకేమో వీధిలో ఉన్న ఒక్క టీవీ ముందు కూర్చోవడమే వేడుక. మా ప్రార్థన మందిరములో మొదటి కీర్తనకు ఖాళీగా ఉన్న చాపలు ప్రసంగము వేళకు గాని నిండేవి కావు. పెద్దలు గద్దించారు, కొందరు బ్రతిమాలారు. అదే దూరదర్శన్‌లో 1992లో "బైబిల్ కీ కహానియా" మొదలైనప్పుడు, హిందీ ఒక్క ముక్క రాకపోయినా ముందు వరుసలో కూర్చున్నది మనమే. అంతకు ముందే, 1978లో వచ్చిన "కరుణామయుడు" సినిమాను పల్లెల్లో తెల్లగుడ్డ తెర మీద చూసి, సిలువ మోసే విజయచందర్‌ను చూసి వెక్కి వెక్కి ఏడ్చిన తల్లులు మన సంఘములలో ఉన్నారు. కనుక తెర పాపము అని మేము అనము. ఆ తెర ముందు కార్చిన కన్నీరు తరువాత ఎక్కడికి పోతున్నది అన్నదే మా ప్రశ్న.

ఇప్పుడు సీరియల్ సంగతి. దీప నల్లని పిల్ల. ఆ రంగు వలననే అత్తగారు సౌందర్య మొదట ఆమెను ఈసడించింది. భర్త కార్తీక్ పెద్ద డాక్టరు. తనకు పిల్లలు పుట్టే యోగ్యత లేదని మోనిత కల్పించిన అబద్ధమును ఆ డాక్టర్ బాబు నమ్మాడు. భార్య గర్భవతి కాగానే అనుమానించాడు. దీప ఇల్లు విడిచి, వంటలు చేసి బిడ్డను పెంచుకొని "వంటలక్క" అయింది. కేరళ నుండి వచ్చిన నటి ప్రేమి విశ్వనాథ్‌ను ఆమె సొంత పేరుతో పిలిచేవారు మన వైపు తక్కువ. ఆమె అందరికీ వంటలక్కే. మా వీధిలో జీడిపిక్కలు కొట్టి వచ్చిన ఆడవారు, వేళ్ళకు అంటిన జీడి నూనె వదలకముందే టీవీ ముందు కూర్చొని, "ఓ డాక్టరూ, ఒక్కపాలి అడిగి చూడరాదా!" అని తెర మీదికి అరిచేవారు. మేమూ అరిచాము.

ఆ ఒక్క ప్రశ్న అతడు ఎందుకు అడగడు? డాక్టరే గదా, మరొకచోట పరీక్ష ఎందుకు చేయించుకోడు? దానికి కారణము కథలో లేదు, వ్యాపారములో ఉన్నది. దేశములో కొన్ని ఇళ్ళలో టీవీకి మీటర్లు పెట్టి, ఏ కార్యక్రమము ఎందరు చూశారో బార్క్ అనే సంస్థ వారము వారము లెక్క ఇస్తుంది. ఆ లెక్కను బట్టి ప్రకటనల ధర పలుకుతుంది. కార్తీక్ ఆ ప్రశ్న అడిగిన రోజున కథ అయిపోతుంది. కథ అయిపోతే ప్రకటనలు పోతాయి. కనుక ప్రతి రాత్రి నిజము గుమ్మము దాకా రావాలి, గుమ్మము దాటకూడదు. ఎవరో ఒకరు తలుపు చాటున విని అపార్థము చేసుకోవాలి. క్షమాపణను రేపటికి, రేపటిని సోమవారానికి నెట్టడమే సీరియల్ బ్రతుకుతెరువు. వ్రాసేవారిని మేము తప్పు పట్టము. అది వారి పని.

2022లో ఆ కార్తీక్‌ను, దీపను ప్రమాదములో చంపివేసి, పిల్లలను పెద్దవారిని చేశారు. మా వీధిలో ఆ రాత్రి నిజముగా మరణము జరిగినట్లే ఉన్నది. ప్రేక్షకులకు నచ్చలేదు. కొన్ని నెలలకే ఇద్దరినీ బ్రతికించి తెచ్చారు! 2024 మార్చి 25న అదే ప్రధాన నటీనటులతో రెండవ భాగము మొదలైంది. కథ కొత్తది, కిటుకు పాతదే. ఇందులో దీప ఒక గొప్ప ఇంటి సొంత బిడ్డ. పురిటిలోనే బిడ్డలను మార్పించిన పారిజాతమునకు ఆ మార్పిడి సంగతి తెలుసు. ఆమె నోరు విప్పదు. మేము చూస్తూ, "ఒక్క మాట చెప్పడానికి ఏమి పోయింది ఈ ముసలిదానికి!" అని తిట్టుకున్నాము. తిట్టిన తరువాత మా నోరు మాకే చేదు అయింది. ఎందుకో చెబుతాము.

మా ఇంటికి, బావగారి ఇంటికి మధ్య ఒకే గోడ. తోట కూడ ఒకప్పుడు ఒకటే. పంచుకున్నాక మధ్యలో గట్టు రాయి వేశారు. కొన్నేళ్ళకు ఆ రాయి కనబడలేదు. "మీ అన్న జరిపేశాడు" అని ఎవరో మాతో అన్నారు. "మీ తమ్ముడు పీకేశాడు" అని ఎవరో ఆయనతో అన్నారు. మేము ఆయనను అడగలేదు, ఆయన మమ్మును అడగలేదు. రెండేళ్ళు మాటలు లేవు. ఒకే మందిరములో, ఒకే బల్లలో పాలుపొంది, బయటికి వచ్చి చెరొక దారిన ఇంటికి వచ్చేవారము. తోటికోడలిని మేము అప్పా అని పిలిచేవారము. ఆ పిలుపు కూడ పోయింది. గోడకు అటు ఒక టీవీ, ఇటు ఒక టీవీ. ఏడున్నరకు దీప కోసము అటు ఒక నిట్టూర్పు, ఇటు ఒక నిట్టూర్పు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన పలాస తీరమును దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. ఉద్దానములో కొబ్బరి, జీడి చెట్లు లక్షలుగా పడిపోయినవి. మా రేకులు ఎగిరిపోయి టీవీ తడిసి పాడైంది. నీళ్ళు తగ్గాక పడిన చెట్లను కోయించుతూ ఉంటే, ఒక జీడిచెట్టు మొదట్లో, ఏళ్ళ తరబడి రాలిన ఆకు కింద, ఇసుకలో కూరుకొని గట్టు రాయి కనబడింది. వేసిన చోటనే ఉన్నది. ఎవరూ జరపలేదు, ఎవరూ పీకలేదు.

ప్రియులారా, ఇక్కడ మా పాపము ఒప్పుకుంటున్నాము. ఆ రాయిని చూసి కూడ మేము వెళ్ళి చెప్పలేదు. ఇన్నాళ్ళు అన్నకు వేసిన నింద అబద్ధమని చెప్పడానికి ముఖము చెల్లలేదు. ఈ రోజు కాదు రేపు అనుకున్నాము. చెట్లే లేని తోటలో గట్టు నిజమును దాచుకొని కూర్చున్నాము. మోనితకు, పారిజాతమునకు, మాకు ఏమి తేడా?

చాలా రోజుల తరువాత కరెంటు వచ్చింది. గోడ అవతల టీవీ మ్రోగింది, మా ఇంట లేదు. మేము గోడ దగ్గరగా పీట వేసుకొని చెవితో సీరియల్ విన్నాము. రెండవ రోజు అవతల శబ్దము కొంచెము పెరిగింది. మూడవ రోజు ఇంకా పెరిగింది. నాలుగవ రోజు గోడ మీదుగా అప్ప గొంతు వినబడింది: "ఇనబడతందేటి?"

"ఇనబడతందప్పా" అన్నాము. రెండేళ్ళలో అదే మొదటి మాట.

"గోడకాడ కూకోని ఇనడమేటి? ఇలాగ వచ్చి సూడు."

వెళ్ళాము. ఆ రాత్రి దీపకు ఏమైనదో మాకు గుర్తులేదు. ప్రకటనలు వచ్చినప్పుడు రాయి సంగతి చెప్పాము. అది దొరికి ఎన్ని రోజులైనదో కూడ చెప్పాము. బావగారు కాసేపు మాట్లాడలేదు. తరువాత లేచి టీవీ కట్టివేసి, "మరి పేర్తన సేసుకుందుము రండి" అన్నారు. ఏడున్నరకు మొదలైన సీరియల్ ముగియకముందే మా రెండు ఇళ్ళ ప్రార్థన మొదలైంది.

తిరిగి వచ్చిన చిన్న కుమారుడు తాను సిద్ధము చేసుకున్న మాటలు పూర్తి చేయకముందే తండ్రి అతనిని కౌగిలించుకున్నట్లు లూకా సువార్త 15వ అధ్యాయములో ఉన్నది. ఆ తండ్రి రేపటికి వాయిదా వేయలేదు. కానుక పట్టుకొని వచ్చినవానికి సహోదరునితో తగువు గుర్తుకు వస్తే, కానుకను అక్కడే ఉంచి ముందు అతని దగ్గరకు వెళ్ళమని ప్రభువు నేర్పిన సంగతి మత్తయి 5వ అధ్యాయములో ఉన్నది. మన సువార్తలో వాయిదా లేదు. వాయిదా అంతా సీరియల్‌లోనే ఉన్నది, సీరియల్‌లాగ బ్రతికే మన ఇళ్ళలో ఉన్నది.

ఉద్దానములో మనకు వాయిదా వేసే వీలు అసలే లేదు. మన నేల మీద కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళను ఖాళీ చేసిందో చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రము, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనవి. అందుకు దేవునికి స్తోత్రము. మా బావగారు అంతవరకు ఉండలేదు. 2021లో అదే జబ్బుతో ప్రభువు సన్నిధికి వెళ్ళారు. ఆయనతో మాట్లాడుకోవడానికి మాకు మిగిలినవి మూడేళ్ళ లోపు దినములు. అప్ప శబ్దము పెంచకపోతే ఆ మూడేళ్ళూ మాకు ఉండేవి కావు. ప్రేక్షకులు కోరారని బ్రతికించి తెచ్చేవారు ఇక్కడ ఎవరూ లేరు. పునరుత్థాన దినమున ఆయనను చూస్తామన్న నిరీక్షణ మాకున్నది. అయితే ఆ రాయి సంగతి ఆ దినము వరకు దాచుకొని ఉంటే, ఈ మూడేళ్ళు ఎంత బరువుగా ఉండేవో!

ఇక సోదరీ, మీ ప్రశ్నకు జవాబు. చూడవద్దని మేము అనము. అయితే మూడు మాటలు. మొదటిది, ప్రార్థన వేళను సీరియల్ వేళ నిర్ణయించకూడదు. మీ మామగారిని, పిల్లలను కూర్చోబెట్టి అందరికీ వీలైన వేళను మీరే పెట్టుకొని దానిని నిలబెట్టండి. ఇప్పుడు మా ఇంట అది ఏడు గంటలు. రెండవది, నల్లని దీప కోసము ఏడ్చిన కళ్ళతో పెళ్ళిచూపులకు వెళ్ళి "పిల్ల రంగు తక్కువే" అనకండి. ఏడ్చినందుకు అదైనా ఫలము ఉండాలి. మూడవది, సీరియల్ అయిపోయాక టీవీ కట్టి, "ఈ రాత్రి వీరిలో ఎవరు ఏ మాట చెప్పకుండా దాచారు?" అని అడగండి. తరువాత ఆ ప్రశ్నను మీ ఇంటి వైపు తిప్పండి. జవాబుగా ఎవరి పేరైనా తోస్తే, మరుసటి భాగము వచ్చేలోగా ఆ గుమ్మము ఎక్కండి.

ఇప్పటికీ గోడకు అటు ఒక టీవీ, ఇటు ఒక టీవీ ఉన్నవి. కాని సాయంకాలము ఒకటే మ్రోగుతుంది. అప్ప ఒంటరిగా ఉండకూడదని మేమే అటు వెళతాము. వంటలక్కను చూసి ఇద్దరమూ ఇప్పటికీ తిట్టుకుంటాము, ఏడుస్తాము, నవ్వుకుంటాము.

మాటలు లేని ప్రతి ఇంటికి, ప్రతి గోడకు సమాధానకర్తయైన ప్రభువు తోడైయుండును గాక. ఆమేన్.