తాయెత్తు ఎందుకు ఓడిపోదు

బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాయసం, అడుగులేస్తే అరిసెలు. పసివాళ్ళ ఎదుగుదలకు మనవాళ్ళు ప్రాస కుదిర్చి కట్టిన ఈ వంటల వరుసతో హేతువాదికి పేచీ ఏమీ లేదు. పరిచిన అరిసెల మీద పిల్ల తప్పటడుగు వేస్తుంది, అరికాలికి నూనె జిడ్డు తగిలి మొహం చిట్లిస్తుంది, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వి తలొకటీ తింటారు. చిక్కల్లా ఆ వరుసకు నెలలు తగిలించినప్పుడే వస్తుంది. ఎదురింటి పిల్ల పదో నెలలోనే నడిచింది, మనవాడు పదమూడు నిండినా సోఫా అంచు వదలడం లేదు. ఇక తల్లికి నిద్ర ఉండదు. పైగా నేరం కూడా ఆమె మీదికే వస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు బయటికొచ్చిందనో, పొద్దుగూకాక కూడా బిడ్డ గుడ్డలు తీగ మీదే వదిలేస్తే పక్షిదోషం తగిలిందనో తేలుస్తారు. ఆ గ్రహణం నాడు తండ్రి ఎక్కడ తిరిగాడో మాత్రం ఎవరూ అడగరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో ఆరోగ్యంగా ఉన్న 816 మంది పిల్లలను నాలుగో నెల నుంచి నడక వచ్చేదాకా గమనించి, 2006లో ఆ లెక్కలు ప్రచురించింది. మన దేశం నుంచి చూసినది దక్షిణ ఢిల్లీ పిల్లలను. ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నెలలకే రావచ్చు, 9.2 నెలలకూ రావచ్చు. సొంతంగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. అందరికంటే ముందు నడిచినవాడికీ, వెనక నడిచినవాడికీ మధ్య తొమ్మిది నెలల ఎడం ఉన్నా ఇద్దరూ ఆరోగ్యవంతులే. వందలో నలుగురైతే మోకాళ్ళ మీద పాకనే లేదు, నేరుగా లేచి నడిచారు. వాళ్ళకు పాయసం ఎగ్గొట్టాలా? మగపిల్లలు ఆలస్యంగా నడుస్తారనే మాటకూ ఈ లెక్కల్లో చెప్పుకోదగ్గ ఆధారం దొరకలేదు.

ఈ అంకెలు పక్కన పెట్టుకుని తాయెత్తు సంగతి చూడండి. పదమూడో నెలలో బెంగ మొదలవుతుంది. పద్నాలుగో నెలలో ఎవరో చెప్పిన చోట తాయెత్తు కట్టిస్తారు. పదిహేనో నెలలో పిల్లవాడు నడుస్తాడు. కట్టించకపోయినా నడిచేవాడే. కానీ ఆ రెండో కథను ఎవరూ చూడలేదు కదా! నూటికి తొంభై తొమ్మిది సార్లు దానంతట అదే జరిగే పనికి పందెం కాసేవాడికి మహిమలు ఉండనక్కర్లేదు. ఇక ఆ మిగిలిన ఒక్కడు నడవకపోతే, నియమం తప్పారంటారు, మైల తగిలిందంటారు, ఇంకో చోటికి పొమ్మంటారు. గెలిస్తే తాయెత్తు గొప్ప, ఓడితే మీ తప్పు. పదమూడో నెలలో పట్టించే బలం టానిక్కుదీ ఇదే ఆట. అందుకని ఆంగ్ల వైద్యం పేరు చెప్పుకున్న ప్రతిదానికీ నేను దండం పెట్టను. చక్రాల వాకరు సంగతీ అంతే. అది నడక నేర్పదు సరికదా, మెట్ల మీంచి దొర్లిపడే ప్రమాదం తెస్తుంది. కెనడా 2004లోనే దాని అమ్మకాన్ని నిషేధించింది.

ఆచారాలన్నీ వృథా అనడం కూడా తప్పే. కెన్యాలోని కిప్సిగిస్ తెగవాళ్ళు పిల్లలను పనిగట్టుకుని కూర్చోబెడతారు, చేతులు పట్టి నడిపిస్తారు. వాళ్ళ పిల్లలకు ఆ రెండూ ముందే వస్తాయని చార్లెస్ సూపర్ 1976లో రాశాడు. వాళ్ళు నేర్పని పాకడం మాత్రం అలా ముందుకు జరగలేదు. అమ్మమ్మ బిడ్డను చాపిన కాళ్ళ మీద వేసుకుని, ఒళ్ళంతా రుద్ది నీళ్ళు పోస్తుంటే జరిగేదీ కొంత ఈ రకమే. పని చేసేది చెయ్యి, చివర్లో తీసే దిష్టి కాదు.

2019 డిసెంబరు 26న సూర్యగ్రహణం. తెలంగాణను ఆనుకుని ఉన్న కలబురగి జిల్లాలో, తాజ్‌సుల్తాన్‌పూర్ అనే ఊళ్ళో, వైకల్యం ఉన్న పిల్లలను మెడ దాకా మట్టిలో పాతిపెట్టారు, గ్రహణం వేళ అలా చేస్తే అవిటితనం పోతుందని. ఫొటోలు చూసి దేశమంతా ఛీకొట్టింది. కన్నవాళ్ళకు కసి ఉండి చేసిన పని కాదది, దారి తోచక చేసినది. అయితే మన ఇళ్ళలో ఎక్కువ నష్టం చేసేది ఆ గొయ్యి కాదు, అంతకంటే మెత్తటి మాట: “ఏం కాదులే అమ్మాయ్, వీళ్ళ నాన్న కూడా రెండేళ్ళకి గానీ నడవలేదు. పుట్టువెంట్రుకలు ఇచ్చి వస్తే అన్నీ సర్దుకుంటాయి.”

ఇంకో చిన్న సంగతి. ఆరేడు నెలల పిల్ల ప్రతిదీ కుడిచేత్తోనే అందుకుంటే ఇంట్లో ముచ్చటపడతారు, మంచి చెయ్యే వాడుతోందని. నిజానికి ఏడాది లోపు పిల్లలు రెండు చేతులూ వాడాలి. బొమ్మను ఎడమవైపు పెట్టినా కుడిచెయ్యే ఒళ్ళు దాటి వస్తుంటే, ఎడమ పిడికిలి బొటనవేలిని లోపల దాచుకుని బిగుసుకుని ఉంటే, డాక్టరు ముందుగా అనుమానించేది మెదడు దెబ్బతినడం వల్ల ఒకవైపు వచ్చే సెరిబ్రల్ పాల్సీని. శుభశకునం అనుకున్నది రోగలక్షణం కావచ్చు.

నాలుగు నెలలు నిండినా మెడ నిలవకపోవడం, తొమ్మిది దాటినా కూర్చోకపోవడం, పద్దెనిమిదికీ నడవకపోవడం, వచ్చిన పని మళ్ళీ పోవడం. ఇవి కనిపిస్తే చూపించాల్సిందే. రెండు నెలలు ముందుగా పుట్టిన బిడ్డకు ఏడాది నిండినా పది నెలలే అనుకుని చూడాలి. ఈ ఒక్క తీసివేత తెలియక ఏడ్చిన తల్లులు ఎందరో. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పెట్టిన డీఈఐసీ (జిల్లా సత్వర చికిత్స) కేంద్రాల్లో పరీక్షలు, ఫిజియోథెరపీ ఉచితం. ఆషాఢం వెళ్ళాక చూద్దామంటే, పద్నాలుగు నెలల పిల్లకు ఒక నెలంటే అప్పటిదాకా బతికిన బతుకులో పద్నాలుగో వంతు. ఆ కేంద్రాల్లో పిల్లను ఎలా ఎత్తుకోవాలో, ఎలా కూర్చోబెట్టాలో, బిగుసుకున్న కాలిని ఎలా సాగదీయాలో చూపిస్తారు. రోజూ ఇంట్లో చేయించాల్సింది తల్లీ, నాయనమ్మా కాబట్టి వాళ్ళకే నేర్పుతారు.