చైను లేని బండి – వెనక చక్రం

షాఫ్టు బండి అనగానే మనవాళ్ళు "అమ్మో, వెనక టైరు పంక్చరైతే ఎవడు విప్పుతాడండీ?" అంటారు. నన్నడిగితే చైను బండి కంటే అదే తేలిక. బ్రేకు విప్పి, ఇరుసు లాగి, చక్రాన్ని పక్కకి జరిపితే గేరు పళ్ళలోంచి ఊడొచ్చేస్తుంది. చైను బిగువు చూసుకునే గొడవే లేదు. తిరిగి బిగించేముందు ఆ పళ్ళకి గ్రీజు రాయాలి, అంతే. 1980లో వచ్చిన బీఎండబ్ల్యూ ఆర్80 జీ/ఎస్‌కైతే ఇంకా సుఖం, కారు చక్రంలా బోల్టులు విప్పడమే.

అంతదాకా ఎందుకు, మన పాత బజాజ్ చేతక్‌కీ చైను లేదు. పైగా స్టెప్నీ ఉండేది. పెదపారుపూడి నుంచి గుడివాడ వెళ్ళేదారిలో, వానలో పంక్చరైనా ఎవరి చక్రం వాళ్ళే మార్చుకుని పోయేవాళ్ళు. ఇప్పుడు ఆ స్వతంత్రం ఏదీ? షోరూములో మైలేజీ ఒక్కటే కాదు, వెనక చక్రం ఎలా ఊడుతుందో కూడా అడగండి. చెప్పలేకపోతే ఆలోచించాల్సిందే. ఏమంటారు?