ఉపగ్రహం కంటికి ఏది అడవి?

విస్తీర్ణంతో పోల్చి చూస్తే దేశంలో అత్యధిక శాతం అడవి ఎక్కడున్నదని అడిగితే చాలామంది మిజోరం అనో, అరుణాచలం అనో అంటారు. 2023 సంవత్సరపు అటవీ స్థితి నివేదికలో ప్రథమస్థానం లక్షద్వీపానిది: 91 శాతం పైచిలుకు. ప్రభుత్వ రికార్డులకెక్కిన అడవి ఆ దీవులలో ఒక్క ఎకరమైనా లేదు. అక్కడి పచ్చదనమంతా దాదాపుగా కొబ్బరితోటలే.

ఇందులో మోసమేమీ లేదు. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ లెక్కలో, హెక్టారుకు తగ్గని నేలపై చెట్ల కొమ్మలు కమ్మిన మేర పదిశాతమైనా ఉంటే అది అడవి కిందికే వస్తుంది. భూమి సర్కారుదా, రైతుదా, చెట్టు మద్దా, మామిడా అన్న విచారణ లేదు. పైనుండి చూసే ఉపగ్రహానికి కనిపించేది కొమ్మల గొడుగే.

దానికి ఋతువుల చిక్కు కూడా ఉన్నది. ఆదిలాబాదు టేకు అడవులను నడివేసవిలో చిత్రిస్తే బీడుభూములవలె కనిపిస్తాయి. అందుచేత వానలు వెనుకబట్టి, ఆకు ఇంకా రాలని అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య తీసిన చిత్రాలనే ఎక్కువగా ఎన్నుకుంటారు.

చిత్రం ఎంత మంచిదైనా, దానిని చదివే కన్నులు ఏకాభిప్రాయానికి రావాలి గదా! హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ అమెరికా వారి లాండ్‌శాట్ చిత్రాలను పరిశీలించి, 1972–75లో 5.55 కోట్ల హెక్టార్లుగా ఉన్న అడవి 1980–82 నాటికి 4.63 కోట్లకు తగ్గిందని తేల్చింది. అటవీ సర్వేక్షణ సంస్థ 1987లో వెలువరించిన తొలి నివేదికలో, 1981–83 చిత్రాల ఆధారంగా చెప్పిన అంకె సుమారు 6.4 కోట్లు. ఇంచుమించు అవే సంవత్సరాలు, అవే కొండలు. తేడా మాత్రం కోటీ డెబ్బై లక్షల హెక్టార్లకు పైన! రెండు సంస్థలూ తమ లెక్కలను సరిపోల్చుకొనవలసి వచ్చింది.

ఇటువంటి సందేహాలు తీరాలంటే మనిషి అడవిలోకి నడవక తప్పదు. నమూనాగా ఎన్నుకున్న చోట్ల సర్వే సిబ్బంది నేలనుండి 1.37 మీటర్ల ఎత్తున, అంటే ఛాతీ వద్ద, మాను కైవారం కొలుస్తారు. చెట్టు జాతి, నేల స్వభావం, పశువుల మేత, నిప్పు అంటుకున్న గుర్తులు రాసుకుంటారు. అన్నిటికంటె ముఖ్యం, లేతమొక్కలు మొలుస్తున్నాయా అన్నది. పైన పచ్చగా ఉండి, కింద ఒక్క మొలకైనా లేని అడవి అంతరించిపోతున్నట్లే. ఆ సంగతి ఆకాశంనుండి తెలియదు.

2021తో పోల్చితే 2023 నివేదికలో అడవి 156 చదరపు కిలోమీటర్లు పెరిగింది. అది కూడికలు, తీసివేతలు పోగా మిగిలిన అంకె. ఒకచోట నరికిన ఇప్పచెట్ల అడవికి మరొకచోట ఎదిగిన జామాయిలు తోటతో చెల్లు వేయవచ్చు. ఇప్పపువ్వు ఏరుకొని బ్రతికే గిరిజన కుటుంబానికి మాత్రం ఆ తోటవల్ల ఒరిగేదేమీ లేదు. కనుక మొత్తం అంకెకన్న దాని విభజనను చూడడం మంచిది. ఆ వివరం నివేదికలోనే ఉన్నది: మొత్తం 7,15,343 చదరపు కిలోమీటర్లలో 1,94,978 అటవీ హద్దులకు వెలుపలివి.